కొలవని వాన

ఎనిమిదిన్నర కాగానే హబీబుద్దీన్ కాళ్లు వాటంతటవే లేచాయి.

"అగో, లేసిండు!" అని మధుకర్ నవ్వాడు. "హబీబ్ భాయ్, సమ్మెల వానడబ్బా గూడ బంద్. కూసో."

టెంటంతా నవ్వింది. హబీబుద్దీన్ కూడా నవ్వి, జంపఖానా మీద మళ్లీ చతికిలబడ్డాడు. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలై తొమ్మిది రోజులైంది. మండలాఫీసు తలుపుకు తాళం పడింది. ఆఫీసంతా రోడ్డు పక్కన టెంటులోకి వచ్చి కూర్చుంది. సంతకాలు పెట్టేవాళ్లు, ఆ సంతకాల కోసం ఫైళ్లు మోసే తనలాంటి అటెండర్లు ఒకే వరసలో కూర్చోవడం ఇరవై ఏడేళ్ల సర్వీసులో అతను చూడటం ఇదే మొదటిసారి. అయినా అతని చూపు మాత్రం ఆఫీసు పక్కన ముళ్లకంచె లోపల మోకాలెత్తున నిలబడ్డ డబ్బా మీదకే పోతోంది. రోజూ ఇదే వేళకు ఆ డబ్బా మూత తీయాలి. లోపలి సీసా ఎత్తి, పడిన నీళ్లను కొలతగ్లాసులో పోయాలి. కంటికి సమానంగా పట్టుకుని అంకె చూడాలి. పోయి రిజిస్టర్లో రాయాలి. తొమ్మిది రోజులుగా ఆ పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

అప్పుడే ఒక టీవీఎస్ బండి వచ్చి టెంటు ముందు ఆగింది. నడుపుతున్నది పాతికేళ్ల అమ్మాయి. వెనక సీటు మీద రబ్బరు తాడుతో కట్టిన మూరెడు పైపు, దాని చుట్టూ తెల్లటి పాలిస్టర్ బట్ట.

"నమస్తే అన్నా. నా పేరు హేమలత. మాది సిరిసిల్ల, మా బాపు బట్ట నేసే సాంచెల మీద పనిచేస్తడు. నేను హైదరాబాద్‌ల యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్న. పోయినేడు ఎండకాలం మీ నీలమ్మ చెరువుల పైపు దించి మన్ను తీస్కపోయిన."

"యాదికున్నది!" మధుకర్ తొడ చరిచాడు. అతను జూనియర్ అసిస్టెంటు. ఇప్పుడు ఈ మండలంలో సమ్మె నడిపించేదీ అతనే. "బోరు ఏస్తున్నరని ఊరంత ఉరికొచ్చిండ్రు. ఏం పడ్డది చెల్లే, నీళ్లు పడ్డయా?"

"మన్నే పడ్డదన్నా."

"మా ఊర్ల అందరి బోరు కథ గంతే. మరిప్పుడేం గావాలె?"

"వాన రిజిస్టర్. ఇరవై ఏడేండ్లది. గది చూస్తెగాని నా పని ఒడవది."

హబీబుద్దీన్ ఎవరూ అడగకముందే అన్నాడు. "సమ్మెల ఉన్నం బేటీ. తాళం తియ్యరాదు. అంత అయినంక రా."

ఆ తొందరకు మధుకర్ అతని వైపు ఒకసారి చూశాడు.

"నెలాఖరుకు మా సార్‌కు అప్పజెప్పాలె చాచా" అంది హేమలత. "బస్సులు లెవ్వు. పెట్రోలు కోసం నిన్న మూడు బంకులు తిరిగిన."

మధుకర్ లేచి నిలబడ్డాడు. "ఫైలు కదిలియ్యం, సంతకం పెట్టం. రిజిస్టర్లు తెచ్చి గీ టెంటుల పెడుదం, సూసుకోని పోతది. మన ఆడబిడ్డ చదువుకు గంటసేపు తాళం తీస్తె తెలంగాణ ఆగుతదా?"

"ఆగది!" అంది టెంటు. చప్పట్లు కూడా కొట్టింది.

తాళం చెవి హబీబుద్దీన్ చేతిలో పెట్టారు. రికార్డు గదిలో బూజు వాసన. పై అరలో తన రిజిస్టర్లు, ఒక్కొక్కటి ఖాకీ అట్ట వేసి, అట్ట మీద ఏడాది రాసి, వరసగా ఉన్నాయి. చెయ్యి రెండువేల నాలుగు మీదకు పోయి ఆగింది. ఒక్కటి చెదలు తిన్నదంటే సరిపోతుంది. లాగి, పాత ఫైళ్ల కట్ట వెనక్కి నెట్టబోయాడు.

"అన్ని ఉన్నయా భాయ్?" వెనకాలే మధుకర్. "నీ రిజిస్టర్లను ముట్టాల్నంటె చెదలు గూడ భయపడ్తయి." అంటూనే అతని చేతిలోది కూడా కట్ట మీద పెట్టుకుని, మొత్తం ఎత్తుకుని నడిచాడు.

టెంటు నీడలో హేమలత రిజిస్టర్లు పరుచుకుంది. మొదటి పేజీ తిప్పగానే ఆమె ముఖం విప్పారింది. "టైపు కొట్టినట్టున్నయి! ఎవలు రాసిండ్రు?"

అందరూ హబీబుద్దీన్‌ను చూపించారు. అతను గడ్డం గీరుకున్నాడు.

"ముప్పై మండలాఫీసులు తిరిగిన చాచా. ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్ గిదే."

అప్పుడు ఆమె బట్ట విప్పింది. లోపల పొడవునా రెండుగా చీల్చిన ప్లాస్టిక్ పైపు, ఒక సగం నిండా చెరువు మన్ను, తడి ఆరకుండా పైన పల్చటి కవరు. ఎర్ర చార, నల్ల చార, మళ్లీ ఎర్ర చార. టెంటులోని వాళ్లంతా మీద మీదకు వంగారు. టెంటు అంచున కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్న రాజవ్వ మాత్రం లేవలేదు. బడిలో వంట ఆమెదే. బడి బంద్ కావడంతో శిబిరానికి వండుతోంది.

"గుట్టల మీద గట్టి వాన పడితె ఎర్రమన్ను కొట్టుకచ్చి చెరువు అడుగున కూసుంటది. అండ్ల ఇనుము ఎక్కువుంటది" అంది హేమలత వేలితో చూపిస్తూ. "వాన లేని ఏడు నీళ్లు ఎండుకుంట ఎండుకుంట సున్నం మిగుల్తది. ఇంకోటి, మోదుగాకు మీద నీళ్లు పోస్తె జారిపోతయి గద? ఆకు మీద మైనం అసుంటిది ఉంటది. ఆకు కుళ్లినా గది కుళ్లది. మన్నుల గట్లనే ఉంటది. గా చెట్టు ఎసుంటి నీళ్లు తాగిందో గా మైనంల జాడ ఉంటది. ఎండకు సగం ఆవిరైన నీళ్లు తాగిందా, మంచి వాననీళ్లు తాగిందా, మిషన్ల పెడితె చెప్తది."

"ఎన్నేండ్లది చెప్తది?" అన్నాడు మధుకర్.

"గీ ముక్క ముప్పై ఏండ్లది. ఇంటికాడున్న పైపులల్ల ఐదువందల ఏండ్లది ఉన్నది."

"ఐదువందల ఏండ్ల కింద వాన పడ్డదో లేదో చెప్తది గాని, తెలంగాణ ఎప్పుడస్తదో చెప్పదా?"

"గది మీరు చెప్పాలె అన్నా."

నవ్వులు ఆగాక మధుకర్ అడిగాడు. "మన్ను గింత చెప్తె మళ్ల మా రిజిస్టర్ ఎందుకు?"

"మన్ను భాష నాకు సగమే అస్తదన్నా. పైనున్న ఇరవై ఏడేండ్ల మన్నును చాచా అంకెలతోని సరిచూస్తె, ఏ రంగుకు ఎంత వానో తెలుస్తది. గప్పుడు కిందిది చదవచ్చు. చాచా రిజిస్టరే నాకు తాళం చెవి."

హబీబుద్దీన్ ఆమె మాటలు వింటూనే ఉన్నాడు గానీ కళ్లు మన్ను మీదే ఉన్నాయి. పై అంచు నుంచి బెత్తెడు కింద, రెండు ఎర్ర చారల నడుమ, తెల్లటి గీత. సుద్దముక్కతో ఒక్కసారి గీసినంత సన్నం. అది ఏ ఏడాదిదో ఎవరూ చెప్పకముందే అతనికి తెలిసిపోయింది.

మధ్యాహ్నం దాకా ఆమె అంకెలు ఎక్కించుకుంది. ప్రతి పేజీ తిప్పినప్పుడు అతను ఆమె ముఖం చూశాడు. రెండువేల రెండు. రెండువేల మూడు. ఆమె పెన్ను ఆగింది. పేజీ వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. పైపు దగ్గరకు లాక్కుంది.

"ఒక్క కాడ తేడా కొడ్తున్నది చాచా. రెండువేల నాలుగు. మన్నుల ఉండే సీసంతోని వయసు లెక్కగట్టి సూస్తె గీ తెల్లగీత గా ఏటిదే. మన్నేమో కరువంటున్నది. మీ రిజిస్టర్ల జూన్ నుంచి సెప్టెంబర్ దాక మంచి వానలున్నయి."

హబీబుద్దీన్ పైపులోని తెల్లగీత వైపు చూశాడు. ఏడేళ్లుగా ఈ మాట ఎవరి నోటి నుంచి వస్తుందా అని చూస్తున్నాడు. ఆఖరికి మన్ను నుంచి వచ్చింది.

హేమలత పైపును పక్కకు జరిపింది. "మన్నుదే తప్పు" అంది.

ఆ మాట అతనికి వెంటనే ఎక్కలేదు.

"ఎండకాలంల చెరువు మన్ను పొలాలకు తోలుకుంటరు గద. ఎవలో గాడ తవ్విండ్రు, పొరలు కలిసిపోయినయి. రిజిస్టర్ సక్కగుంటె మన్నునే కొట్టెయ్యుమని మా సార్ ముందే చెప్పిండు. గీ ముక్క తీసేస్త." పుస్తకంలో తెల్లగీతకు ఎదురుగా అడ్డంగా ఒక గీత కొట్టింది. "మీ రిజిస్టర్ లేకుంటె మోసపోయేదాన్ని చాచా."

హబీబుద్దీన్‌కు ఒంట్లో బరువంతా దిగిపోయింది. బీడీ తీసి వెలిగించాడు. తప్పించుకున్నాడు.

అంతలో కత్తిపీట మీద వంకాయ తెగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఏ ఏడు అన్నవు బిడ్డా?" అంది రాజవ్వ.

"రెండువేల నాలుగు పెద్దమ్మా. ఏడేండ్లాయె."

"గా ఏడు వాన ఏడ పడ్డది?"

"రోజు రోజు రాసిండ్రు పెద్దమ్మా. మనం మర్చిపోతం గని..."

"నేనెట్ల మరుస్త?" రాజవ్వ గొంతు పెంచలేదు. "చెరువుల మన్ను తవ్విండ్రు అంటివి. తోలనీకి ఎడ్లేవి? గడ్డి లేక ఊర్ల ఎడ్లన్ని గా యేడే అంగడికి పోయినయి. మా జోడు గూడ. రెండేండ్లు ఒక్క బండి మన్ను తియ్యలే ఎవ్వలు." కత్తిపీట మీద నుంచి కాలు తీసి, హబీబుద్దీన్ వైపు తిరిగింది. "రాసిన సాబు ఈడనే ఉన్నడు గద. సాబూ, గా ఏడు వాన పడ్డదా?"

రాజవ్వ ఎవరో, ఎందుకు అడుగుతోందో ఊరివాళ్లందరికీ తెలుసు.

ఆ ఏడాది ఆమె భర్త మొండయ్య ఇదే ఆఫీసుకు అర్జీ పట్టుకుని వచ్చాడు. కరువు మండలాల లిస్టులో మన మండలమెందుకు లేదని అడిగాడు. అప్పటి ఆఫీసరు రిజిస్టర్ తెప్పించి చదవమన్నాడు. హబీబుద్దీన్ నిలబడి చదివాడు. ఆగస్టులో పదకొండు రోజులు, రెండువందల పద్నాలుగు మిల్లీమీటర్లు. మొండయ్య ఆఫీసరును చూడలేదు. చదివినవాణ్నే చూశాడు. "సాబూ, గీ వాన నీకొక్కనికే పడ్డదా?" అన్నాడు. దసరా వెళ్లిన నాలుగో రోజు పత్తిచేలో మందు తాగాడు. విచారణకు వచ్చినవాళ్లు, కరువు లేని మండలంలో కరువు చావు ఎలా ఉంటుందని, కాగితం మీద 'కుటుంబ కలహాలు' అని రాసుకుని పోయారు. అప్పటి నుంచి ఊళ్లో రాజవ్వ నోరే మొగుణ్ని మింగిందంటారు. పెళ్లిళ్లలో వంటకు పిలుస్తారు గానీ పసుపు దంచేటప్పుడు పక్కకు జరగమంటారు.

హబీబుద్దీన్ బీడీ వైపు చూస్తూ అన్నాడు.

"రాసినట్టే పడ్డది."

రాజవ్వ మళ్లీ కత్తిపీట మీద కాలు పెట్టింది. వంకాయను నాలుగు పక్షాలుగా కోసి ఉప్పునీళ్లలో వేసింది.

సాయంత్రం హబీబుద్దీన్ సైకిల్ తొక్కుకుంటూ కోరుట్లలోని ఇంటికి చేరాడు. పద్నాలుగు కిలోమీటర్లు. షరీఫా గుమ్మంలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో కోయడం, చిటికెడు తంబాకు పరవడం, వేళ్ల మధ్య ఒక్క దొర్లింత. కళ్లు పైకెత్తకుండానే భర్త నడక విన్నది.

"ఏమైంది జీ? సమ్మె ఇడిసిండ్రా?"

"లేదు."

అతను లోపలికి పోయి ఇనప సందుగ తెరిచాడు. అడుగున పాత రుమాలు మూట. విప్పితే గాజుముక్కలు, వాటి మీద సన్నటి గీతలు, అంకెలు. షరీఫా చేతిలో బీడీతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గది ఇంకా పారెయ్యలేదా మీరు?"

పారేయలేదు. ఆ ఏడాది జూన్‌లో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని తెలిసి, కొలతగ్లాసు తళతళలాడాలని, బూడిదతో తోమి, మరిగిన నీళ్లలో ముంచాడు. నీళ్లలోనే టప్పుమంది. శుభ్రంగా ఉంచడానికి పోయి పగలగొట్టానని ఎవరికి చెప్పుకుంటాడు? రెండు రోజుల్లో ఇంకోటి సంపాదిద్దామనుకున్నాడు. ఆ రెండు రోజులకు పక్క మండలం అటెండరుకు ఫోన్ చేసి అంకె అడిగాడు. ఒకటి తీసేసి, రెండు కలిపి, రాశాడు. పక్క మండలం అడవికి దగ్గర. అక్కడ వానలు బాగానే పడ్డాయి. రెండు రోజులు నాలుగు నెలలయ్యాయి. జగిత్యాలలో తెలిసినవాడి ద్వారా గ్లాసు దొరికేసరికి అక్టోబరు వచ్చింది. అప్పటికి మొండయ్య అర్జీ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగింది.

"ఎవలన్న అడిగిండ్రా?" అంది షరీఫా.

"రాజవ్వ అడిగింది."

"ఏమన్నరు?"

అతను మూట కట్టేశాడు. షరీఫా పోయి చేట ముందు కూర్చుంది.

"నేను ఒక్క బీడీ వదులుగ చుడితె కార్ఖానల మున్షీ కట్టంత ఇరిచి నా మొఖాన కొడ్తడు" అంది. "ఒక్క బీడీకి కట్ట. మీరు నాలుగు నెలల వాన చుట్టిండ్రు."

పొద్దున లేచి చూస్తే రుమాలు మూట అతని అన్నం డబ్బా పక్కన, సంచిలో ఉంది.

మర్నాడు రోడ్డు మీద వంటావార్పు. రాళ్లు పేర్చి మూడు పొయ్యిలు. దారికి అడ్డంగా పెద్ద గంజులు. ఆగిన లారీల డ్రైవర్లు కూడా దిగి ఉల్లిగడ్డలు కోస్తున్నారు. రాజవ్వ కొంగు నడుముకు చుట్టి గరిటె తిప్పుతోంది. ఎవరో అన్నం చాలదంటే, "ముందుగాల కూసోని సూడు, నువ్వే చాలవు" అంటోంది. హబీబుద్దీన్ వైపు మాత్రం చూడలేదు.

హేమలత పది గంటలకు వచ్చింది. రాత్రంతా కూర్చుని అంకెలన్నీ శుభ్రంగా ఎత్తి రాసిందట. ప్రతి ఏడాదికి ఒక పేజీ. ప్రతి పేజీ కింద 'కొలిచినవారు' అని రాసి, సంతకానికి జాగా వదిలింది.

"గిది మీ పేరు మీదనే నా పుస్తకంల ఉంటది చాచా. సంతకం గావాలె."

"కలం ముట్టనని పట్టు పట్టకు భాయ్" అన్నాడు మధుకర్. "గిది ఆఫీసు సంతకం గాదు."

హబీబుద్దీన్ పెన్ను తీసుకున్నాడు. జంపఖానా మీద ఎడమ మోకాలు మడిచి, దాని మీద పుస్తకం పెట్టుకుని, మొదటి సంతకం పెట్టాడు. రెండోది. మూడోది. చెయ్యి కుదురుగానే నడిచింది. అవన్నీ అతను కొలిచిన వానలు. కొన్నిటి రోజులు కూడా గుర్తున్నాయి. కూతురు షాజియా పుట్టిననాడు పడ్డ నలభై రెండున్నర మిల్లీమీటర్లు. చెరువు నిండి మత్తడి దూకిననాటి నూట పది, గొడుగు ఎగిరిపోయి తల మీద సంచి కప్పుకుని పోయి చూసింది. సంతకాలు పెడుతూ పెడుతూ రెండువేల నాలుగుకు వచ్చాడు.

కొలిచినవారు. పక్కన ఖాళీ.

పెన్ను కాగితానికి తగిలి ఆగింది. సిరా చుక్క చిన్నగా పరుచుకుంది. రోడ్డు మీద గంజులో గరిటె తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పెన్ను రాస్తలేదా చాచా? ఇంకోటియ్యాల్నా?"

"గిది నేను కొలవలే బిడ్డా" అన్నాడు.

"మరి ఎవలు కొలిసిండ్రు?"

"ఎవ్వలు కొలవలే."

సంచిలోంచి రుమాలు తీసి విప్పాడు. గాజుముక్కలు జంపఖానా మీద పెట్టాడు. మరిగిన నీళ్లు, పక్క మండలం ఫోను, తీసేసిన ఒకటి, కలిపిన రెండు, అన్నీ తల వంచుకుని, ఫైలు చదివినట్టు చెప్పాడు. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు.

మధుకర్ అతని చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "మతిపోయిందా భాయ్? వచ్చే మార్చిల రిటైర్మెంట్. సమ్మెల ఉన్నోళ్ల మీద ఏం సాకు దొరుకుతదా అని పైన చూస్తున్నరు. నువ్వే తెచ్చి చేతుల పెడ్తవా? నోరు మూసుకో. గీ అమ్మాయికి నేను చెప్త."

"నువ్వు చెప్పినా మన్ను ఊకోదు మధుకర్."

హేమలత గాజుముక్క ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తోంది. ఆమె ముఖంలో నిన్నటి వెలుగు లేదు.

"మిగిలిన ఏండ్లో చాచా?"

"అన్ని కొలిసినయే. అల్లా మీద ఒట్టు."

"ఎట్ల నమ్మాలె? గిది గూడ గంతే సక్కగ రాసిండ్రు గద." ఆ మాట కోపంతో అనలేదు. అందుకే అది లోపలికి దిగింది. "నిన్న మీ రిజిస్టర్ తోని మన్నును సరిచూసిన. ఇప్పుడు మన్ను తోని మీ రిజిస్టర్ ను సరిచూడాలె. మళ్ల మొదటికెళ్లి."

ఇరవై ఏడేళ్ల ఖాకీ అట్టలు ఆమె పక్కన పేర్చి ఉన్నాయి. అందులో కొట్టివేత ఒక్కటి లేదు. హబీబుద్దీన్ వాటి వైపు చూడలేకపోయాడు.

ఆమె నిన్నటి పుస్తకం తెరిచి, తెల్లగీతకు ఎదురుగా కొట్టిన అడ్డగీత పక్కన 'ఉంచాలి' అని రాసింది.

రాజవ్వ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చేతిలో గరిటె ఉంది. పప్పు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"అంటె గా ఏడు వాన పడలే" అంది.

"పడలే రాజవ్వా."

"మొండయ్య అచ్చిననాడు నీకు ఎరికేనా?"

"ఎరికే."

ఆమె తిడుతుందనుకున్నాడు. గరిటెతో కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె గరిటె మధుకర్ చేతికిచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, జంపఖానా మీద అతని ఎదురుగా కూర్చుంది. తొమ్మిది రోజులుగా వండి పెడుతున్నా ఆ జంపఖానా మీద ఆమె కూర్చోవడం అదే మొదలు.

"రాసియ్యి" అంది. "నా మొగడు నాతోని కొట్లాడి సచ్చిండని రాసిండ్రు. అన్నం కాడ గూడ మేం కొట్లాడలే సాబూ. అన్నమే లేకుండె. నువ్వు మంచిగ రాస్తవట గద. గిది గూడ రాయి."

హేమలత పుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి ఇచ్చింది.

సమ్మెలో పదో రోజు, కలం ముట్టనని ఒట్టు పెట్టుకున్న టెంటులో, హబీబుద్దీన్ రాశాడు. రెండువేల నాలుగు జూన్ నెల నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఈ మండలంలో పడిన వానను నేను కొలవలేదు. రిజిస్టర్లో ఉన్నవి నేను కల్పించి రాసిన అంకెలు. ఆ ఏడాది ఈ ఊళ్లో పంట పండేంత వాన పడలేదు. ఈ సంగతి తెలిసి కూడా మొండయ్యకు తప్పు అంకెలు చదివి వినిపించాను. కింద సంతకం, తేదీ. అక్షరాలు ఎప్పటిలా పొందిగ్గా లేవు. రెండు చోట్ల కొట్టివేతలు పడ్డాయి.

"సదువు" అంది రాజవ్వ. "అందరికి ఇనపడాలె."

అతను లేచి నిలబడ్డాడు. ఏడేళ్ల కింద ఆఫీసరు గదిలో కూడా ఇలాగే నిలబడి చదివాడు. చదివాడు. లారీ డ్రైవర్లు ఉల్లిగడ్డలు కోయడం ఆపి విన్నారు. పొయ్యిల దగ్గరి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఇద్దరు తల దించుకున్నారు.

రాజవ్వ కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. మధుకర్ చేతిలోంచి గరిటె తీసుకుంది. ఆ పూట బంతిలో అందరికీ వడ్డించింది. హబీబుద్దీన్ విస్తరిలోనూ వేసింది. మామూలుగా ఇంకొంచెం అంటూ రెండోసారి వచ్చేది. ఆ రోజు అతని వరసలోకి రెండోసారి రాలేదు.

తెల్లవారుజామున, సమ్మె మొదలయ్యాక మొదటిసారి, వాన కురిసింది. పెద్ద వాన కాదు. హబీబుద్దీన్ సైకిల్ మీద వచ్చేసరికి టెంటు గుడ్డ బరువెక్కి వేలాడుతోంది. ఇంకా ఎవరూ రాలేదు. ఎనిమిదిన్నర. ఈసారి నవ్వేవాళ్లు లేరు. ఆఫీసు పక్కకు నడిచాడు. రికార్డు గది కిటికీ ఊచల సందులోంచి చెయ్యి పెట్టి, లోపల గట్టు మీదున్న కొలతగ్లాసు తీశాడు. ముళ్లకంచె తలుపు తోశాడు. మూత ఎత్తాడు. సీసా బయటికి తీశాడు.

వెనక అడుగుల చప్పుడైంది. రాజవ్వ. చీర కుచ్చిళ్లు బురదకాకుండా పైకి పట్టుకుంది.

అతను నీళ్లను గ్లాసులోకి వంచాడు. మోకాళ్ల మీద కూర్చుని కంటికి సమానంగా పట్టుకున్నాడు.

"ఎంత?" అంది.

"మూడున్నర."

"నాకు సూపియ్యి."

అతను గ్లాసు ఇచ్చాడు. ఆమెకు అంకెలు రావు. రెండు చేతులతో పట్టుకుని, అతను చేసినట్టే ముఖం ముందుకు ఎత్తింది. అడుగున వేలెడు నీళ్లు, తేటగా. ఆమె ఊపిరికి గాజు మీద ఆవిరి పట్టింది. దాన్ని బొటనవేలితో తుడిచి మళ్లీ చూసింది. చాలాసేపు చూసింది.

"గింతేనా సాబూ?" అంది. "గిసుంటి నీళ్లేనా నువ్వు రాసేటివి?"

అతను తల ఊపాడు.

"గింతదానికి..." అని ఆగి, గ్లాసును తొణకనివ్వకుండా అతని చేతికి తిరిగి ఇచ్చింది. పొయ్యి రాజెయ్యడానికి రోడ్డు వైపు నడిచింది.